సాల్మన్ పేరున రెండు సరుకులు: మాగ వేరు, దిగుమతి చేప వేరు

(మా వాణిజ్య విలేఖరి)

చిలమత్తూరు: చింతపండులో కరిపులి ఏదో, ఫ్లవర్ ఏదో చేతిలోకి తీసుకుని చెప్పలేని వర్తకుడు హిందూపురం యార్డు పరిసరాల్లో కనిపించడు. పట్టుగూళ్లలో బైవోల్టిన్‌కూ సంకర రకానికీ తేడా ఏమిటో ఇక్కడి పిల్లవాడు కూడా చెబుతాడు. రకాన్ని బట్టి ధర, ధరను బట్టి బేరం అన్నది ఈ ప్రాంతపు వ్యాపారానికి మొదటి పాఠం. అయితే ఐస్ పెట్టెల్లో వచ్చే సముద్రపు చేప దగ్గరికి వచ్చేసరికి ఈ పాఠం అక్కరకు రావడం లేదు. ‘సాల్మన్’ అన్న ఒక్క మాట మీద బేరాలు కుదురుతున్నాయి. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సరుకులు వున్నాయి. ఒకటి కిలో వందల రూపాయల్లో పలికేది, రెండవది వేలల్లో పలికేది.

సముద్రానికి ఇంత దూరాన వున్న చిలమత్తూరుకు ఈ గొడవ ఎందుకు అని అడగవచ్చు. హైదరాబాదు, బెంగుళూరు జాతీయ రహదారి మీది కొడికొండ చెక్‌పోస్టు ఈ మండలంలోనిదే. అక్కడి నుంచి లేపాక్షి మీదుగా హిందూపురానికి దారి చీలుతుంది. దేవనహళ్లి విమానాశ్రయం ఇదే రహదారి మీద వున్నది. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. దానితో పాటు కొరియా ఉద్యోగులు, వారి వంటలు వడ్డించే భోజనశాలలు ఈ దారిన వచ్చాయి. కొరియావారికి సాల్మన్ ఇష్టమైన చేప, పచ్చిగా కూడా తింటారు. ఒకప్పుడు బొచ్చె, రాగండి, కొరమీను తప్ప ఎరుగని ఈ దారిలో సరఫరా కాంట్రాక్టు పట్టాలంటే ఇప్పుడు సాల్మన్ గురించి తెలిసి వుండాలి. తెలియకపోతే మొదటి పెట్టె వెనక్కి వస్తుంది. రెండవ ఆర్డరు రాదు.

మన మాగకు పెద్ద చరిత్ర

ముందుగా మన సరుకు సంగతి. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ‘మాగ’ అని పిలిచే చేపను ఇంగ్లీషులో ఇండియన్ సాల్మన్ అంటారు. బొంబాయిలో దీని పేరు రావస్, తమిళనాట కాలా, కలకత్తాలో గుర్జాలి. బొంబాయి హోటళ్లలో రావస్‌కు వున్న గిరాకీ అందరికీ తెలిసిందే.

ఈ చేపకు శాస్త్రీయ నామం రావడానికి మూలం మన తెలుగు తీరమే. ఈస్టిండియా కంపెనీ కొలువులో వున్న స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో చేపలకు మన జాలర్లు చెప్పిన పేర్లే పెట్టాడు. మాగ జెల్లీ, మాగ బూషీ అని రెండు రకాలు అందులో కనిపిస్తాయి. మరుసటి సంవత్సరం, 1804లో, జార్జి షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఆ బొమ్మల ఆధారంగానే వాటికి లాటిన్ పేర్లు పెట్టాడు. మొదటిది నేడు ఎల్యుథెరోనీమా టెట్రాడాక్టైలమ్. ‘టెట్రాడాక్టైలమ్’ అంటే నాలుగు వేళ్లది అని అర్థం. రెండవది లెప్టోమెలనోసోమా ఇండికమ్.

ఆ ‘వేళ్లే’ కొనుగోలుదారుకు గుర్తు. మాగ చేప మొప్పల వెనుక, రొమ్ము రెక్క కింద, రెక్కకు అతుక్కోకుండా విడిగా వేలాడే సన్నని పోగులు వుంటాయి. బురదనీటిలో మేత తడుముకోవడానికి చేపకు అవి పనికివస్తాయి. ధర్మవరం నేత తెలిసినవారికి పోగులు లెక్కించడం కష్టం కాదు. నాలుగు పోగులుంటే మేలురకం మాగ, అంటే రావస్. అయిదు పోగులుండి ఒళ్లు నల్లగా వుంటే రస్సెల్ మాగ బూషీ అన్న రెండవ రకం. ఆరు పోగులుండి, మొప్పల వెనుక భుజం మీద నల్ల మచ్చ వుంటే అది చిన్నజాతి. అది ఇదే కుటుంబానిదైనా మాగ ధర పలకదు.

ముక్కు నోటి మీదికి పొడుచుకు వచ్చి, నోరు కిందికి వుండడం, కంటి మీద జిగురు పొరలాంటి కప్పు, రెండు విడివిడి వెన్ను రెక్కలు, లోతుగా చీలిన తోక ఈ కుటుంబం మొత్తానికీ గుర్తులు. మాంసం తెల్లనిది. సాల్మన్ కుటుంబంతో దీనికి బంధుత్వం ఏమీ లేదు. వెండి రంగు, ఒడ్డూ పొడుగూ చూసి తెల్లవారు తమకు తెలిసిన పేరు తగిలించారు. ఆస్ట్రేలియాలో కూడా ఇదే జరిగింది. అక్కడ క్వీన్స్‌లాండ్‌లో మన నాలుగు పోగుల మాగను ‘బ్లూ సాల్మన్’ అంటారు. ‘ఆస్ట్రేలియన్ సాల్మన్’ అని మరో చేప వున్నది, అదీ సాల్మన్ కాదు.

అసలు సాల్మన్ రకాలు

అసలు సాల్మన్‌కు తిరుగులేని గుర్తు ఒకటి వున్నది. వెన్ను రెక్కకూ తోకకూ నడుమ ముల్లు లేని చిన్న కండ రెక్క. వేలితో ముట్టుకుంటే మెత్తగా వుంటుంది. దీనిని కొవ్వు రెక్క అంటారు. మాగకు ఇది వుండదు. రెక్కల కింద పోగులుంటే మాగ, తోక ముందు కొవ్వు రెక్క వుంటే సాల్మన్ కుటుంబం. పూర్తి చేప కొనేవారికి ఈ ఒక్క పరీక్ష చాలు.

సాల్మన్‌లో మళ్లీ రెండు వర్గాలు. అట్లాంటిక్ సాల్మన్ ఒకటే రకం. పసిఫిక్ సాల్మన్‌లో అమెరికా వైపు అయిదు రకాలు. చినూక్, కోహో, సాకై, పింక్, చమ్. ఇవన్నీ నదుల్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి వెళతాయి. నదిలోకి వెళ్లాక సాకై ఎర్రబడుతుంది, మగ పింక్‌కు గూని వస్తుంది, చమ్‌కు పులిచారలు పడతాయి. పుస్తకాల్లో అచ్చయ్యే రంగుల బొమ్మలు ఎక్కువగా అప్పటివే. వాణిజ్యానికి పనికివచ్చేది సముద్రంలో పట్టిన చేప. అక్కడ అయిదు రకాలూ వెండిలాగే మెరుస్తాయి. గావున చిగుళ్లు, మచ్చలు, తోక చూసి రకం తేల్చాలి.

చినూక్: అన్నింటిలో పెద్దది, కింగ్ అని కూడా అంటారు. 1985లో అలాస్కాలో గాలానికి చిక్కిన చినూక్ 97 పౌండ్లకు పైగా, అంటే సుమారు 44 కిలోలు తూగింది. పళ్ల మొదట చిగుళ్లు నల్లగా వుంటాయి. తోక రెండు చీలికల మీదా నల్ల చుక్కలుంటాయి. కొవ్వు ఎక్కువ, ధర ఎక్కువ.

కోహో: నోరు ముదురు రంగు అయినా పళ్ల మొదట చిగురు తెల్లగా వుంటుంది. చుక్కలు తోక పై చీలికకే పరిమితం. చినూక్ పేరుతో కోహో అంటగట్టకుండా చూసుకోవడానికి ఈ రెండు గుర్తులూ చాలు.

సాకై: ఒంటి మీద స్పష్టమైన నల్ల చుక్కలు వుండవు. కన్ను గాజుగోళీలా పెద్దది. మాంసం ముదురు ఎరుపు. మొప్పలోని దువ్వెన పళ్లు సన్నగా, పొడవుగా, దగ్గర దగ్గరగా వుంటాయి. సముద్రపు సూక్ష్మజీవులను వడగట్టి తినడం దీనికి కారణం.

చమ్: చుక్కలు దీనికీ వుండవు, కాని మొప్ప దువ్వెన పళ్లు పొట్టివి, తక్కువ. తోకలో వెండి గీతలు కనిపిస్తాయి. మాంసం లేత రంగు, కొవ్వు తక్కువ. మాంసం కంటే దీని గుడ్లకు జపాన్‌లో మంచి పేరు.

పింక్: అన్నింటిలో చిన్నది, రెండు కిలోల అటూ ఇటూ. తోక మీద పెద్ద కోలమచ్చలు, పొలుసులు మరీ చిన్నవి. డబ్బాల్లో వచ్చే సరుకులో దీని భాగం పెద్దది.

మన దేశానికి ఐస్‌లో విమానం మీద వచ్చే తాజా సరుకు ప్రధానంగా అట్లాంటిక్ రకమే. అది కూడా సముద్రంలో వలల దొడ్లు కట్టి పెంచినది. దీనికి మచ్చలు ఒంటి పైభాగంలో, మొప్ప మూత మీద వుంటాయి, తోక మీద సాధారణంగా వుండవు. పొట్ట కింద తోకకు దగ్గరగా వుండే రెక్కలో ఈనెలు 8 నుంచి 12. పసిఫిక్ రకాలకు 13 లేక అంతకు మించి. ఈ లెక్క రెండు వర్గాలనూ విడదీస్తుంది.

పట్టే తీరులో తేడా

మాగ తీరం వెంబడి బురదనేల మీద, నదుల మొగల వద్ద తిరిగే చేప. గిల్‌నెట్ వలలకు, ట్రాల్ వలలకు, గాలాలకు చిక్కుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవల వేటకు నిషేధం వుంటుంది. ఆ రెండు నెలలు మాగ రాబడి సన్నగిల్లడం సహజం. ఆ రోజుల్లో ఎవరైనా ‘నిన్నటి సరుకు’ అని పెద్ద మొత్తంలో చూపితే అది కోల్డ్ స్టోరేజీ నిల్వ అయివుండవచ్చునని గ్రహించి బేరం చేయాలి.

పసిఫిక్‌లో చినూక్, కోహోలను పడవ మెల్లగా నడుపుతూ వెనుక ఎరలు లాగి ఒక్కొక్క చేపగా పట్టే పద్ధతి వున్నది. అలా పట్టిన చేపను వెంటనే రక్తం తీసి శుభ్రం చేస్తారు గనుక నాణ్యం మేలు, ధర కూడా హెచ్చు. సాకై, పింక్, చమ్ రకాలు నదుల వైపు గుంపులుగా తిరిగివచ్చే వేసవి వారాల్లో వలలకు పెద్ద ఎత్తున చిక్కుతాయి. అలాస్కా రాష్ట్రం 1990లో చేపల పెంపకాన్ని నిషేధించింది. గావున అలాస్కా సాల్మన్ అంటే సముద్రంలో వేటాడిన చేప అనే అర్థం. ఇందుకు భిన్నంగా నార్వేలో 1970 ప్రాంతంలో మొదలైన దొడ్ల పెంపకం ఏడాది పొడుగునా సరుకు ఇస్తున్నది. సీజను అన్నది లేకపోవడమే నార్వే సరుకుకు ప్రపంచ మార్కెట్‌లో బలం.

ముక్కలు కోశాక ఎలా?

చిక్కంతా ఇక్కడే వున్నది. హోటలుకు చేరేది తరచుగా తలా తోకా లేని ముక్క. మాగ ముక్క తెల్లగా, గట్టిగా వుంటుంది. అట్లాంటిక్ సాల్మన్ ముక్క నారింజ రంగులో, కొవ్వు తెల్లగీతలు వరుసగా కనిపిస్తూ వుంటుంది. ఆ రంగు అస్టాజాంథిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అడవి చేపకు అది రొయ్యజాతి ఆహారం నుంచి, పెంపకపు చేపకు మేతలో కలపడం వల్ల లభిస్తుంది. గావున రంగు రకానికి రుజువు కాదు. ఇదే మేత తిన్న రెయిన్‌బో ట్రౌట్ మాంసం కూడా నారింజ రంగే తిరుగుతుంది. చైనాలో 2018లో ఒక వర్తక సంఘం రెయిన్‌బో ట్రౌట్‌ను కూడా సాల్మన్ పేరున అమ్మవచ్చని ప్రమాణం ప్రకటించగా వినియోగదారుల్లో పెద్ద దుమారం లేచింది. అందుచేత ముక్క కొనేటప్పుడు చర్మంతో వున్న ముక్కే అడగడం మంచిది. చర్మం మీది మచ్చలు, పొలుసులు చాలా సంగతులు చెబుతాయి.

రెండవ ఆధారం కాగితం. ప్రపంచ కస్టమ్స్ పట్టికలో రకానికొక సంఖ్య వున్నది. తాజా అట్లాంటిక్ సాల్మన్‌కు 0302.14, తాజా పసిఫిక్ రకాలకు 0302.13. గడ్డకట్టిన సాకైకి 0303.11, ఇతర పసిఫిక్ రకాలకు 0303.12, అట్లాంటిక్‌కు 0303.13. తాజా సాల్మన్ ఫిల్లెట్లకు 0304.41, గడ్డకట్టిన ఫిల్లెట్లకు 0304.81. మాగ ఈ సంఖ్యల్లో దేని కిందికీ రాదు. ‘దిగుమతి సాల్మన్’ అని చెప్పే దళారిని బిల్లు నకలు అడిగి ఈ సంఖ్య చూస్తే సగం సందేహం తీరుతుంది.

తరుగు లెక్క

తరుగు సంగతి మన వర్తకులకు కొత్త కాదు, కాని చేపలో అది రెండు చోట్ల దాగివుంటుంది. మొదటిది ఐస్ పూత. గడ్డకట్టిన ముక్కలు ఎండిపోకుండా పైన నీటి పూత గడ్డకట్టిస్తారు. ఉదాహరణకు 10 కిలోల పెట్టెలో 20 శాతం పూత వుంటే చేప 8 కిలోలే. కిలో 1,000 చొప్పున 10,000 ఇచ్చినవారికి అసలు ధర 1,250 పడుతుంది. బేరం ఎప్పుడూ పూత తీసిన నికర తూకం మీదే జరగాలి. ఒక ముక్కను తూచి, చన్నీటిలో పూత కరిగించి, తుడిచి మళ్లీ తూస్తే సంగతి తేలుతుంది.

రెండవది కోత తరుగు. నార్వే తాజా సాల్మన్ పేగులు తీసి, తలతో సహా, సుమారు 20 కిలోల పెట్టెల్లో వస్తుంది. దానిని చర్మంతో ఫిల్లెట్ చేస్తే 70 శాతం ప్రాంతంలో మిగులుతుందనుకుంటే 14 కిలోలు. కిలో 1,500 అని లెక్క కోసం అనుకుంటే, పెట్టె 30,000, ఫిల్లెట్ కిలోకు 2,143 పడుతుంది. ఇది లెక్క పద్ధతే గాని నేటి ధర కాదు. తల, ముళ్లు పులుసుకు, సూపుకు అమ్ముడుపోతే ఆ మేరకు కలిసివస్తుంది. పారేస్తే నష్టం. తలలు కొనే హోటలు ముందే చూసుకున్న వ్యాపారికి ఇందులో లాభం మిగులుతుంది.

వంటలో ఏది దేనికి

హిందూపురం చింతపండుతో పులుసు పెట్టాలంటే మాగే సరైనది. ముక్క విరగదు, పులుపు పట్టుకుంటుంది, ముళ్లు తక్కువ. వేపుడుకు, ఇగురుకు కూడా అనువైనది. అట్లాంటిక్ సాల్మన్‌ను పులుసులో మరిగిస్తే కొవ్వు పైకి తేలి ముక్క పొరలు పొరలుగా విడిపోతుంది. దానిని చర్మం కిందికి పెట్టి పెనం మీద కొద్దిసేపు కాల్చడమే మేలు. సాకైలో కొవ్వు తక్కువ గనుక ఎక్కువ సేపు కాలిస్తే ఎండుతుంది.

పచ్చిగా వడ్డించే హోటళ్లకు సరఫరా చేసేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. అడవి సాల్మన్‌లో మనిషికి హాని చేసే పురుగులు వుండవచ్చు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచన ప్రకారం పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు, లేక గడ్డకట్టించి మైనస్ 35 వద్ద 15 గంటలు వుంచాలి. గుళికల మేతతో పెరిగిన చేపలో ఈ బెడద చాలా తక్కువ. మాగను పచ్చిగా వడ్డించమని ఇవ్వడం సాహసమే. ‘సాల్మన్’ అనే పేరు విని హోటలువారు ఆ పని చేస్తే బాధ్యత సరఫరాదారు మెడకు చుట్టుకుంటుంది. పేరు గందరగోళంలో డబ్బు నష్టం కంటే పెద్ద ప్రమాదం ఇదే.

పెద్ద చేపకు ఎక్కువ ధర ఇస్తే

మాగ విషయంలో వర్తకులు ఆలోచించవలసిన అంశం మరొకటి వున్నది. నాలుగు పోగుల మాగ మొదట మగచేపగా ఎదిగి, పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే గుడ్లు పెట్టేవి పెద్ద చేపలే. హోటళ్లు పెద్ద చేపకే ఎక్కువ ధర ఇస్తాయి, జాలరి పెద్ద చేప కోసమే వల వేస్తాడు. ఆ వలలో పడేవన్నీ తల్లిచేపలే అయితే మరుసటి ఏళ్లలో సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? మాగ బూషీ రకానికి గాలితిత్తి వల్ల అదనపు గిరాకీ వున్నది. దానిని ఎండబెట్టి తూర్పు ఆసియా దేశాలకు ఎగుమతి చేస్తారు. పూర్వం దాని నుంచి తీసిన జిగురును సారాయి, బీరు తేర్చడానికి వాడేవారు. ఒకే చేపకు రెండు గిరాకీలు తోడైతే వేట ముమ్మరం కావడం తప్పదు. మధ్యరకం చేపకు కూడా సరైన ధర ఇవ్వడం వర్తకుల చేతిలో వున్న పని. దానివల్ల సరఫరా నిలకడగా వుంటుంది.

గోదావరి పులస వ్యాపారం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. సముద్రంలో వున్నప్పుడు విలస అనిపించుకునే చేప, వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది, ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. సాల్మన్ కూడా అలా ఉప్పునీటి నుంచి మంచినీటికి వలసపోయేదే. పులస పేరున సముద్రపు విలసను అంటగట్టే బేరాలు గోదావరి జిల్లాల వర్తకులకు కొత్త కావు. అక్కడ కొనుగోలుదారుకు నోటి రుచి కాపలా. సాల్మన్ రుచి ఎరుగని మన ప్రాంతంలో ఆ కాపలా లేదు గనుక, గుర్తులూ కాగితాలే కాపలా.

ముందు ముందు

భారతదేశం, నార్వే సభ్యదేశంగా గల ఎఫ్టా కూటమి మధ్య వాణిజ్య ఒప్పందంపై 2024 మార్చి 10న సంతకాలు జరిగి, 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. చేపల సుంకాల రాయితీలు కూడా ఇందులో వున్నాయి. సుంకం తగ్గేకొద్దీ నార్వే సాల్మన్ దిగుమతులు పెరిగి, ధర కొంత దిగివచ్చే అవకాశం వున్నది. అప్పుడు మాగకూ సాల్మన్‌కూ నడుమ ధర వ్యత్యాసం కొంత తగ్గవచ్చునే గాని, ఒకదాని పేరున మరొకటి అమ్మే బెడద పోదు. కంటైనర్ బుక్ చేసేముందు ఆ రోజు సుంకం ఎంతో కస్టమ్స్ ఏజెంటును అడిగి నిర్ధారించుకోవడం అవసరం.

ప్రస్తుతానికి వర్తకులు పాటించదగిన నియమం ఒకటే. ఆర్డరులో, బిల్లులో ‘సాల్మన్’ అని ఊరకే రాయరాదు. ‘మాగ, నాలుగు పోగులది’ అనో, ‘అట్లాంటిక్ సాల్మన్, నార్వే, పెంపకం’ అనో, ‘సాకై, అలాస్కా, వేట’ అనో పూర్తిగా రాయాలి, రాయించుకోవాలి. మాగ మంచి చేప, తన పేరు మీదే అమ్ముడుపోగల సరుకు. దానికి అరువు పేరు అక్కర్లేదు. కరిపులిని కరిపులి అని, ఫ్లవర్‌ను ఫ్లవర్ అని రాసి అమ్మే యార్డుకు ఇది కొత్త పద్ధతి కాదు. ఆ పద్ధతినే చేపల బిల్లుకూ వర్తింపజేస్తే పెట్టె వెనక్కి రాదు, పరపతి చెడదు.